పెరటి చేపల తొట్టిలో నీళ్లు పచ్చబడితే: చెన్నై తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నైలో ఇంటి ముందు కాస్త జాగా ఉన్నా, మేడ మీద తొట్టి కట్టుకునే వీలున్నా, రంగు చేపల కొట్లుండే కొళత్తూరు వెళ్లి నాలుగు గోల్డ్ ఫిష్‌లో, రెండు కోయి చేపలో తెచ్చుకునే తెలుగు ఇళ్లు చాలానే ఉన్నాయి. నెల తిరక్కుండానే నీళ్లు పచ్చబడతాయి. చేపలు కనిపించవు. అప్పుడు మొదలయ్యే ప్రశ్నలే ఇవన్నీ. తొట్టి ఖాళీ చేసి శుభ్రంగా కడిగేద్దామని అనుకుంటున్నవాళ్లు మాత్రం దయచేసి ముందు ఇది చదవండి. పచ్చనీళ్లలో హాయిగా తిరిగిన చేపలు ఆ కడగడాన్ని తట్టుకోలేక పోవడం చాలా ఇళ్లలో చూశాను.

అసలు నీళ్లు ఎందుకు పచ్చబడతాయి?

నీళ్లలో తేలుతూ పెరిగే నాచు వల్ల. గోడకు పట్టే పాకుడు కాదిది. కంటికి విడిగా ఆనని ఏకకణ జీవులు: క్లోరెల్లా, సెనెడెస్మస్, యూగ్లీనా లాంటివి. అవి కోట్లలో పెరిగితే నీళ్లకు ఆ రంగు వస్తుంది. వాటికి కావలసింది ఎండ, ఎరువు. ఎండకు చెన్నైలో కొదవ లేదు. ఎరువు వేస్తున్నది మనమే. చేప తిన్న మేతలోని మాంసకృత్తులు అమ్మోనియాగా మారి మొప్పల ద్వారా నీళ్లలోకి వస్తాయి. తినకుండా వదిలేసిన మేత అడుగున కుళ్లి నత్రజని, భాస్వరం వదులుతుంది. మొక్కలూ లేక, ఫిల్టరూ ఇంకా కుదురుకోని కొత్త తొట్టిలో ఆ ఎరువంతా నాచుకే దక్కుతుంది.

భీమవరం, కైకలూరు వైపు చేపల చెరువుల రైతులు ఇదే పచ్చదనం కోసం పేడ, సూపర్ ఫాస్ఫేట్ వేసి మరీ నాచును పెంచుతారు. బొచ్చె, రోహు పిల్లలకు ఆహారం అక్కడినుంచే మొదలవుతుంది. ఆ చెరువులో నీళ్లు పలచబడితే రైతుకు దిగులు. కాబట్టి పచ్చరంగును విషంలా చూడకండి. తొట్టి మోయగలిగినదానికంటే ఎక్కువ మేత పడుతోందని అది మీకు చెబుతోంది, అంతే.

అయితే పచ్చనీళ్లు చేపలకు ప్రమాదం కాదా?

లేత పచ్చ అయితే కాదు. చిక్కటి పచ్చ అయితే ప్రమాదమే, అదీ ముఖ్యంగా తెల్లవారుజామున.

పగలు ఎండలో నాచు ప్రాణవాయువును వదులుతుంది. రాత్రి అదే నాచు చేపలతో పోటీపడి దాన్ని పీల్చుకుంటుంది. తెల్లవారేసరికి నీళ్లలో ప్రాణవాయువు అడుగంటుతుంది. పైగా నీళ్లు వేడెక్కేకొద్దీ దాన్ని పట్టి ఉంచే శక్తి తగ్గుతుంది: 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాములు ఇమిడితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. మే నెల కత్తిరి ఎండల్లో మేడ మీది తొట్టి సంగతి చెప్పనక్కర్లేదు. ఉదయం ఐదు, ఐదున్నరకు టార్చిలైటు తీసుకుని వెళ్లి చూడండి. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుచుకుని గాలి మింగుతుంటే వెంటనే ఎయిర్ పంపు పెట్టాలి. ఆ దృశ్యాన్ని "మేత అడుగుతున్నాయి" అనుకుని గుప్పెడు మేత వేసేవాళ్లున్నారు. అప్పుడు మేత వేస్తే పరిస్థితి ఇంకా విషమిస్తుంది.

రెండోది పీహెచ్, అంటే నీళ్ల ఆమ్ల, క్షార గుణాల కొలత. నాచు పగలంతా కార్బన్ డయాక్సైడును లాగేసుకోవడంతో మధ్యాహ్నానికి నీళ్ల పీహెచ్ 9 దాటవచ్చు. 30 డిగ్రీల నీళ్లలో పీహెచ్ 7 ఉన్నప్పుడు, మొత్తం అమ్మోనియాలో చేపకు విషమయ్యే రూపం 1 శాతం కూడా ఉండదు. అదే పీహెచ్ 9కి చేరితే 40 శాతం దాటుతుంది. అందుకే పరీక్ష కిట్‌తో పొద్దున్న చూసి "అంతా బాగుంది" అని ఊరుకోకండి, సాయంత్రం నాలుగింటికి కూడా చూడండి.

మా నీళ్లు పచ్చగా కాదు, మురికిగా ఉన్నాయి. అదీ నాచేనా?

తెల్లటి సీసాలో నీళ్లు పట్టి రాత్రంతా నీడలో కదపకుండా ఉంచండి. పొద్దున్నకు పచ్చదనం అలాగే నిలిచి ఉంటే నాచు. అడుగున మట్టి పేరుకుని పైన తేటగా ఉంటే అది బురద: కోయిలు కుండీల్లో మట్టిని తవ్వుతున్నాయన్నమాట, కుండీ మీద గులకరాళ్లు పరిస్తే చాలు. పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే బాక్టీరియా ఒక్కసారిగా పెరిగింది. ఎక్కడో మేతో, చచ్చిన చేపో కుళ్లుతోంది, వెతకండి. టీ డికాక్షన్ రంగులో, కానీ తేటగా ఉంటే రాలిన ఆకుల సారం దిగింది, దానివల్ల చేపకు పెద్ద ఇబ్బంది లేదు. బోరు నీళ్లు పోసిన మర్నాడు ఎర్రగా మారితే అది ఇనుము. గాలి తగలగానే తుప్పు రంగు తేలుతుంది.

మొత్తం నీళ్లు మార్చేస్తే ఒక్క రోజులో అయిపోతుంది కదా?

ఒక్క రోజులో తేటపడుతుంది, వారం పది రోజుల్లో మళ్లీ పచ్చబడుతుంది. గోడలకు, రాళ్లకు, ఫిల్టరుకు పట్టి ఉన్న మేలుచేసే బాక్టీరియాను మీరు తోమి పారేశారు. అమ్మోనియాను నైట్రైటుగా, దాన్ని నైట్రేటుగా మార్చే పని ఇక మొదటినుంచి మొదలవ్వాలి, అందుకు నెల నుంచి నెలన్నర పడుతుంది. ఈలోపు ఖాళీగా ఉన్న ఎరువు మీద నాచు మళ్లీ విజృంభిస్తుంది. చేపలకు నీటి వేడి, పీహెచ్ ఒక్కసారి మారిన దెబ్బ దీనికి అదనం.

వారానికి 10 నుంచి 20 శాతం మార్చండి. అదీ పైనుంచి కాకుండా, గొట్టం అడుగుకు దించి మడ్డిని లాగండి. ఆ నీళ్లు మల్లెకీ, కరివేపాకుకీ పోస్తే అవి ఎంత బాగా చిగురిస్తాయో మీరే చూస్తారు.

మొట్టమొదట చేయాల్సింది ఏమిటి? ఖర్చు లేనిది చెప్పండి.

మేత తగ్గించండి. నా దృష్టిలో సగం వైద్యం ఇదే. మిగతావన్నీ దీని తర్వాతే.

రెండు మూడు నిమిషాల్లో చేపలు తినేసేంత మాత్రమే వేయాలి. తేలే మేత అయితే చూడ్డానికి సులువు. మూడో నిమిషానికి ఒక్క గింజ తేలుతున్నా అది ఎక్కువైనట్టే, వలతో తీసేయండి, రేపటి కొలత తగ్గించండి. రోజుకు ఒక్కసారి చాలు, వారంలో ఒక రోజు పస్తు ఉంచినా చేపలకు ఏమీ కాదు. మేత డబ్బాలో గరిట వదిలేస్తే ఇంట్లో ప్రతివాళ్లూ గరిటెడు వేస్తారు. దాని బదులు చిన్న సీసా మూత ఒకటి పెట్టి "రోజుకు ఇంతే" అని అందరికీ చెప్పండి.

ఇంటికొచ్చిన పిల్లలు బ్రెడ్డు, బిస్కెట్లు, మరమరాలు వేస్తారు. కోనేటి చేపలకు మరమరాలు వేసే అలవాటు మనందరిదీ. కానీ కోనేరు వేరు, వెయ్యిన్నర లీటర్ల తొట్టి వేరు. పిల్లలకు వద్దని చెప్పడానికి మనసు రాకపోతే, ఆ రోజు మేతనే చిన్న గిన్నెలో పోసి వాళ్ల చేతికి ఇవ్వండి.

చేపల సంఖ్య కూడా చూసుకోవాలి. గోల్డ్ ఫిష్ ఒక్కోదానికి కనీసం 75 నుంచి 100 లీటర్లు, కోయికి వెయ్యి లీటర్ల దాకా కావాలి. కొట్లో వేలెడంత ఉన్న కోయి రెండడుగులు పెరిగే చేప. ఆరడుగుల తొట్టిలో పది కోయిలు వేసి నీళ్లు తేటగా ఉండాలంటే ఏ ఫిల్టరూ ఆ భారం మోయలేదు.

తొట్టిలో ఎన్ని లీటర్లు పడతాయో ఎలా లెక్కగట్టాలి?

పొడవు, వెడల్పు, లోతు అడుగుల్లో కొలిచి గుణించి, దాన్ని 28.3తో గుణించండి. 6 అడుగులు, 4 అడుగులు, రెండున్నర అడుగులైతే సుమారు 1,700 లీటర్లు. గుండ్రటి తొట్టికి వ్యాసాన్ని వ్యాసంతో, తర్వాత లోతుతో, ఆపైన 22.2తో గుణించాలి. మందైనా, పంపైనా, నాచును చంపే యూవీ (అతినీలలోహిత) దీపమైనా ఈ అంకె లేకుండా కొనకండి.

కొట్టువాళ్లు సక్కర్ ఫిష్ వేస్తే పచ్చదనం పోతుందన్నారు. నిజమేనా?

పోదు. అది గోడకు పట్టిన పాచిని గీకి తింటుందే గానీ, నీళ్లలో తేలే నాచును తినలేదు. తిన్నదంతా మళ్లీ వ్యర్థంగా వదిలి ఎరువును పెంచుతుంది. అడుగున్నర దాకా పెరుగుతుంది, రాత్రిపూట గోల్డ్ ఫిష్‌ల ఒంటి జిగురును గీకే అలవాటు కూడా ఉంది. మన వైపు చెరువుల్లో దెయ్యం చేప అని రైతులు తిట్టుకునేది దీన్నే. ఎవరో పెంచుకుని, వద్దనుకుని వదిలిపెట్టడం వల్లే అది చెరువులకు పాకింది. ఇప్పటికే కొనేసి ఉంటే ఎట్టి పరిస్థితుల్లోనూ చెరువులోనో, అడయారు నదిలోనో వదలకండి. కొన్న కొట్లోనే తిరిగి ఇచ్చేయండి.

తేలే నాచును నిజంగా తినేది డాఫ్నియా, అంటే చుక్కంత ఉండే నీటి పురుగులు. కొళత్తూరులో బతికున్న మేత అమ్మేచోట దొరుకుతాయి. కాకపోతే తొట్టిలో వేస్తే చేపలు వాటిని వెంటనే తినేస్తాయి. పక్కన ఒక టబ్బులో పచ్చనీళ్లు పోసి వాటిని పెంచితే, నీళ్లు తేటపడటం కళ్లారా చూడవచ్చు, చేపలకు మంచి మేతా దొరుకుతుంది.

పటిక, బ్లీచింగ్ పౌడరు, మైలుతుత్తం: ఏది వేయాలి?

ఏదీ వద్దు.

బ్లీచింగ్ చేపల మొప్పలను కాల్చేస్తుంది. మైలుతుత్తం నాచును చంపుతుంది, నిజమే, కానీ మోతాదు కాస్త మించినా చేపలను, నత్తలను, మొక్కలను కూడా చంపుతుంది. అన్నిటికన్నా పెద్ద ముప్పు తర్వాత వస్తుంది: చచ్చిన నాచంతా ఒకేసారి కుళ్లి ఆ రాత్రికే నీళ్లలోని ప్రాణవాయువును తినేస్తుంది. తాగేనీళ్ల బిందెలో పటిక తిప్పినట్టు తొట్టిలో తిప్పకండి. పటిక నీళ్లలోని క్షారగుణాన్ని తగ్గించి పీహెచ్‌ను పడగొడుతుంది. రాళ్ల ఉప్పు కొన్ని చేప జబ్బులకు పనికొస్తుంది గానీ పచ్చదనానికి మందు కాదు, పైగా కలువలు మాడిపోతాయి.

సీసాల్లో అమ్మే "వాటర్ క్లియర్" చుక్కలు నాచును గడ్డకట్టించి అడుక్కి దింపుతాయి. ఇంట్లో శుభకార్యం ఉంది, రెండు రోజులు తేటగా కనబడాలంటే వాడుకోవచ్చు, ఎయిర్ పంపు ఆడుతూ ఉండాలి, దిగిన మడ్డిని మర్నాడే లాగేయాలి. మడ్డి అక్కడే ఉంటే నాచుకు మళ్లీ ఎరువు అదే.

మొక్కలు వేస్తే ఎంత లాభం?

చాలా. నాచు తినే ఎరువునే మొక్కలూ తింటాయి, పైగా నీడనిస్తాయి. నీటి పైభాగంలో సగం నుంచి అరవై శాతం కప్పి ఉంటే నాచు దానంతటదే తగ్గుముఖం పడుతుంది. చెన్నై ఎండకు కలువ చక్కగా వస్తుంది, రోజుకు ఐదారు గంటలు ఎండ తగిలితే పూస్తుంది. అంతర తామర, గుర్రపు డెక్క అన్నిటికంటే త్వరగా ఎరువును లాగేస్తాయి. వాటి వేళ్లు పొడవుగా, కుచ్చుల్లా వేలాడుతుంటాయి. ఒకదాన్ని ఎత్తి చూడండి, వేళ్ల నిండా మడ్డి పట్టుకుని ఉంటుంది. వారం వారం పెరిగినదాన్ని తీసి కంపోస్టు గుంతలో వేయాలి. తీయకపోతే లాభం లేదు, ముసలి ఆకులు కుళ్లి తిన్నది తిరిగి ఇచ్చేస్తాయి. తీసినదాన్ని కాలువలో పడేయకండి. ఈ ఊరి నదులను గుర్రపు డెక్క ఎలా కప్పేస్తుందో అందరం చూస్తున్నదే.

కోయిలున్న తొట్టిలో మొక్కలు బతకవని కొందరంటారు. వేళ్లు కొరుకుతాయి, నిజమే. ప్లాస్టిక్ బుట్టలోనో, వల కట్టిన ఒక మూలనో పెడితే బతుకుతాయి.

మొక్కలు ఎదిగేదాకా నర్సరీల్లో వాడే 50 శాతం గ్రీన్ షేడ్ నెట్ కట్టండి. ఏప్రిల్, మే నెలల్లో మేడ మీది తొట్టికి ఇది తప్పనిసరి అంటాను.

ఫిల్టరు కొనాలా, ఇంట్లో చేసుకోవచ్చా?

ఇంట్లో చేసుకోవచ్చు. 200 లీటర్ల నీలం డ్రమ్ము తీసుకుని, నీళ్లు అడుగునుంచి ఎక్కి పైనుంచి తొట్టిలో పడేలా గొట్టాలు అమర్చండి. కింద బ్రష్షులు, వాటిపైన ముతక స్పాంజి, తర్వాత సన్న స్పాంజి, అన్నిటికీ పైన బాక్టీరియా పట్టుకుని పెరిగే బయో బాల్స్ (ప్లాస్టిక్ బంతులు) లేదా లావా రాళ్లు. పంపు గంటకు ఒకసారైనా, తక్కువలో తక్కువ రెండు గంటలకోసారైనా తొట్టి నీళ్లన్నిటినీ తిప్పాలి.

రెండు విషయాలు మరిచిపోకండి. పంపు రాత్రింబగళ్లు ఆడాలి. "రాత్రి ఎవరు చూస్తారు" అని ఆపేస్తే బాక్టీరియా ఊపిరాడక చస్తుంది. 40 వాట్ల పంపుకు నెలకు 29 యూనిట్ల దాకా అవుతుంది. ఇక స్పాంజిని కుళాయి కింద కడగకండి, మెట్రో వాటర్‌లోని క్లోరిన్ బాక్టీరియాను చంపుతుంది. తొట్టి నీళ్లే బక్కెట్లో పట్టి అందులో పిండండి. బక్కెట్లో నీళ్లు కాఫీ రంగులోకి తిరుగుతాయి. స్పాంజి కొత్తదానిలా తళతళలాడక్కర్లేదు, నీరు దూరితే చాలు.

తొట్టి దగ్గర కరెంటు ఉన్నప్పుడు ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి) తప్పకుండా పెట్టించండి. చెయ్యి నీళ్లలో పెట్టేముందు ప్లగ్గు తీయండి.

యూవీ దీపం పెట్టమంటున్నారు. పనిచేస్తుందా?

తేలే నాచుకు ఇంతకంటే నమ్మకమైన పరికరం లేదు. 254 నానోమీటర్ల కిరణాలు నాచు కణాలను దెబ్బతీస్తాయి, అవి గుంపులుగా అతుక్కుని ఫిల్టరులో చిక్కుకుంటాయి. వెయ్యి లీటర్లకు 5 వాట్ల చొప్పున లెక్క వేసుకోండి. 1,700 లీటర్ల తొట్టికి 9 లేదా 11 వాట్లది సరిపోతుంది. నీళ్లు దీపం పక్కనుంచి మరీ వేగంగా వెళ్తే ఫలితం ఉండదు, పెట్టె మీద రాసిన వేగం మించకూడదు. వారం నుంచి రెండు వారాల్లో తేడా తెలుస్తుంది.

వెలుగుతున్న దీపాన్ని నేరుగా చూడకూడదు, కళ్లు దెబ్బతింటాయి. దీపం నీలంగా వెలుగుతూనే ఉన్నా ఏడాది తిరిగేసరికి దాని సత్తా పోతుంది, మార్చాలి. మన బోరు నీళ్లకు లోపలి క్వార్ట్జ్ గొట్టం మీద తెల్లటి ఉప్పు పొర కడుతుంది. నెల రెండు నెలలకోసారి విప్పి వెనిగర్‌తో తుడవండి. దీపం పాడైందని కొత్తది కొన్న చాలామందికి నిజానికి తుడిస్తే సరిపోయేది.

ఒకటి గుర్తుంచుకోండి: దీపం నాచును చంపుతుంది, ఎరువును తీయదు. మేత తగ్గించకుండా దీపం పెడితే నీళ్లు తేటపడి, గోడలకు దారాల్లాంటి పాచి పట్టడం మొదలవుతుంది. దాన్ని పాత టూత్ బ్రష్‌కు చుట్టి లాగేయండి. గోడకు పలచగా అంటుకున్న పాచిని మాత్రం గీకకండి, అది మీకు సాయమే చేస్తోంది.

ఏ నీళ్లు పోయాలి: మెట్రో వాటరా, బోరా, లారీ నీళ్లా?

మెట్రో వాటర్ మంచిదే. మన కండలేరు నుంచి పూండికి వచ్చే కృష్ణా నీళ్లు కూడా అందులో కలుస్తాయి. చిక్కల్లా క్లోరిన్‌తోనే. డ్రమ్ములో పట్టి 24 గంటలు ఎండలో ఉంచండి, లేదా సోడియం థయోసల్ఫేట్ చుక్కలు వాడండి. బోరు నీళ్లు తీర ప్రాంతాల్లో ఉప్పగా ఉంటాయి. ఎండకు ఆవిరైన మేరకు మళ్లీ అవే పోస్తూ ఉంటే ఉప్పు పేరుకుపోతుంది, ఎందుకంటే ఆవిరయ్యేది నీరే గానీ ఉప్పు కాదు. లారీ నీళ్లు ఏ రోజు ఎక్కడివో చెప్పలేం, పోసేముందు పరీక్షించండి. మేడ మీద శుభ్రంగా పట్టిన వాన నీళ్లుంటే బోరు నీళ్లలో కలిపి పోయండి, చాలా మేలు.

కొత్త సిమెంటు తొట్టి. చేపలు వేయగానే చనిపోయాయి.

సిమెంటులోని సున్నం పీహెచ్‌ను పైకి లేపింది. నీళ్లు నింపి, మూడు నాలుగు రోజులు ఉంచి, పారబోసి, మళ్లీ నింపండి. పీహెచ్ 8కి దగ్గరగా వచ్చేదాకా ఇలాగే చేయాలి. అరటి బోదె ముక్కలు వేసి ఊరబెట్టే పద్ధతి కూడా ఉంది. ఆ నీళ్లు పూర్తిగా పారబోసి కడిగాకే చేపలు వేయాలి.

నిన్నటిదాకా పచ్చగా ఉన్నవి తెల్లారేసరికి గోధుమరంగులోకి మారి వాసన వస్తున్నాయి.

నాచు ఒక్కసారిగా చచ్చింది. సంతోషించే సమయం కాదు. ఎయిర్ పంపు వెంటనే పెట్టండి, పాతిక ముప్ఫై శాతం నీళ్లు మార్చండి, రెండు రోజులు మేత ఆపండి. కరెంటు పోయి పంపు లేకపోతే మగ్గుతో నీళ్లు తీసి ఎత్తునుంచి పోస్తూ ఉండండి. చేపల ప్రాణం ఆ గంటలోనే నిలుస్తుంది.

నీటి మీద ఆకుపచ్చ పెయింటు ఒలికినట్టు తెట్టు కట్టి, పుల్లతో కదిపితే దారాల్లా రాకుండా చెదిరిపోతే అది నీలి ఆకుపచ్చ నాచు కావచ్చు. కొన్ని రకాలు విషం వదులుతాయి. కుక్కను ఆ నీళ్లు తాగనివ్వకండి, పిల్లలను చేతులు పెట్టనివ్వకండి, తెట్టును గ్లౌజులు వేసుకుని తీసేయండి.

వేపచెట్టు కింద తొట్టి ఉండవచ్చా?

నీడ మంచిదే, రాలేది మంచిది కాదు. ఉగాది రోజుల్లో వేపపూత నీటి మీద తెల్లటి దుప్పటిలా పరుచుకుంటుంది. అది మునగకముందే, రోజూ పొద్దున్నే సన్నటి వలతో తీసేయాలి. ఒకసారి మునిగితే అడుగున నల్లటి బురదే.

అక్టోబరు వానలకు ఏం జాగ్రత్త?

తొట్టి అంచు నేలకంటే కనీసం అర అడుగు ఎత్తుండాలి. లేకపోతే తోటలో వేసిన డీఏపీ ఎరువు, వర్మీకంపోస్టు వానతో పాటు తొట్టిలోకి దిగుతాయి, వాన తగ్గి ఎండ రాగానే నీళ్లు పచ్చబడతాయి. 2023 డిసెంబరు మిచౌంగ్ తుపాను లాంటి వాన వస్తే వీధి నీళ్లే లోపలికి వస్తాయి. అలాంటి హెచ్చరిక వచ్చినప్పుడు చేపలను డ్రమ్ముల్లోకి మార్చి, ఎయిర్ పంపు పెట్టి మేడ ఎక్కించడమే మంచిది.

దోమల తనిఖీకి వచ్చే కార్పొరేషన్ వాళ్లు మందు పోస్తామంటే?

చేపలున్నాయని చూపించండి. గప్పీ అనే చిన్న చేపలు నాలుగు వేస్తే దోమ లార్వా మిగలదు. మొక్కల కుండీల అంచుల్లో, చేప చేరలేని చోట నిలిచే నీళ్లను మీరే ముందుగా చూసుకోండి.

సంక్రాంతికి పది రోజులు ఊరెళ్తున్నాం. మేత ఎవరు వేస్తారు?

ఎవరూ వేయక్కర్లేదు. ఎదిగిన గోల్డ్ ఫిష్, కోయి పది రోజులు మేత లేకుండా ఉండగలవు, పాచీ పురుగులూ ఏరుకుంటాయి. మేత డబ్బాను మాత్రం వాచ్‌మన్ అన్న చేతికి ఇవ్వకండి, ప్రేమ కొద్దీ పూటకో గుప్పెడు వేస్తాడు. చిన్న పిల్ల చేపలుంటే రెండు రోజులకోసారి చొప్పున కాగితంలో పొట్లాలు కట్టి, మీద తేదీ రాసి ఇవ్వండి. బయల్దేరే ముందు స్పాంజి పిండి, నీళ్లు అంచుదాకా నింపండి, జనవరిలో పది రోజులకు రెండంగుళాల దాకా తగ్గవచ్చు. అన్నకు ఒక్క పని అప్పగించండి: పొద్దున్నే వెళ్లి డ్రమ్ములోంచి నీళ్లు పడుతున్న చప్పుడు వినబడుతోందో లేదో చూసి, వినబడకపోతే మీకు ఫోను చేయాలి.